‘పట్టి విడుచుకన్న’ తర్వాత ‘పరగ’నా, ‘పడి’నా?

పాతబండి: పాత కారు తలుపు బందుల్లో శీలలు ఊడదీస్తున్నాను. పైది వచ్చింది, కిందిది తుప్పుతో పట్టేసింది. సుత్తి అందుకున్నప్పటినుంచీ వేమన ‘పట్టు పట్టరాదు’ నోట్లో నానుతోంది. మూడో పాదం ‘పరగ చచ్చుట మేలు’ అనా, ‘పడి చచ్చుట మేలు’ అనా? రెండూ విన్నట్టే ఉంది.

ఆటవెలది: పద్యం ఆటవెలది కదా, గురులఘువులు గుర్తించి గణాలు వేయండి, తేలిపోతుంది. పట్టి, విడుచు, కన్న మూడూ సూర్యగణాలు. తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి: ‘పరగచ’ నగం, ‘చ్చుట మేలు’ సలం. అదే ‘పడి చచ్చు’ సలం అయినా మిగిలిన ‘ట మేలు’ జగణం, ఇంద్రగణాల్లో లేదు. ‘పరగ’నే.

తాళపత్రం: ‘పడి చచ్చుటయె మేలు’ అని చదివి చూడండి. సలం, సలం. యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవడానికి, ‘ప’ ఎలాగూ ఉంది. కాబట్టి గణాలతో ‘పడి’ని కొట్టేయలేం. అసలు పరగ అంటే ఒప్పుగా అని కదా, చావుకు ఒప్పేమిటి? చోటు నింపడానికి వేసిన మాటలా ఉంది. వేమన మాట వృథా చేయడు.

ఆటవెలది: వృథా ఎందుకైంది? పట్టు వదిలి బతకడం కంటే చావే ఒప్పు అంటున్నాడు. మీ ‘పడి చచ్చు’ ఇవాళ్టి చెవికి ఒకరిమీద మోజుపడి చచ్చిపోయినట్టు వినిపిస్తుంది.

కమ్మరికొలిమి: పాతబండిగారూ, ముందు సుత్తి కింద పెట్టండి. బిగిసిన శీలను గట్టిగా కొడితే కొస విచ్చుకుని లావెక్కుతుంది, ఇంక రంధ్రంలో దూరదు. చాలా శీలలకు తల దగ్గర సన్నటి గాట్లుంటాయి, బందు రెక్కను పట్టుకునేవి అవే. తల ఎటుందో చూసి రెండో కొసనుంచి తోయాలి. తలుపు కింద చెక్కపెట్టి జాకీ ఆనిస్తే బరువు శీలమీద పడదు. తుప్పు వదిలించే నూనె రెండు కొసలకీ వేసి ఒక రాత్రి ఆగండి. అప్పటికీ కదలకపోతే నూనె పూర్తిగా తుడిచి, డోర్ ప్యాడ్, వైర్లు తీసి బందును వేడిచేయండి, శీలను కాదు. బందు వేడెక్కితే రంధ్రం వెడల్పవుతుంది. ఆపైన సి-క్లాంపుతో, వెనక సాకెట్ పెట్టి నెమ్మదిగా నొక్కండి. ఈ పనికి ‘పట్టు పట్టరాదు’ కంటే ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ బాగా నప్పుతుంది.

తాళపత్రం: ఆ ‘ధరలోన’ తీసేసినా అర్థం చెడదు, గణమే చెడుతుంది. ‘పరగ’ కూడా ఆ జాతిదే. వేమన మాట వృథా చేయడన్నాను గానీ, ఇలాంటి చోట్ల ఆ మాట ఎవరు చేర్చారో ఆలోచించాలి.

ఆటవెలది: ‘ధరలోన’ అనవసరం కాదు. ముందు పాదాల్లో రాగం, వేము అయ్యాక లోకంలోని పనులన్నిటికీ విషయాన్ని విస్తరించేది ఆ మాటే. పాఠభేదాలంటారా, 1829లో బ్రౌన్ అచ్చు వేయించేనాటికే వేమన పద్యాలు ఎన్నో నోళ్లలో, ఎన్నో రాతప్రతుల్లో నలిగాయి. ఒక్క పాఠమే అసలుదని పట్టుబట్టలేం.

పాతబండి: నూనె వేశాను, రేపు నొక్కి చూస్తాను. ఇంకో సందేహం. నేను శీల అంటున్నాను, మా మెకానిక్ చీల అంటాడు. ఏది సరి?

కమ్మరికొలిమి: చీలే. సంస్కృత ‘కీల’మే చీల అయిందని నా గట్టి నమ్మకం. బందుకు కీలు అంటాం కదా, అదీ ఆ కుటుంబమే అనుకుంటాను. ‘చ’ను ‘శ’గా తర్వాత ఎవరో దిద్దినట్టుంది.

తాళపత్రం: చీలకు వేరే చర్చ పెట్టండి, అక్కడ సీల కూడా తేల్చాలి. ఇక్కడ మాత్రం ఎవరిదగ్గరైనా పాత అచ్చుప్రతి ఉంటే ఆ మూడో పాదం చూసి చెప్పండి. ‘పడి’ కనిపిస్తే ఆ తర్వాత ‘చచ్చుట’ ఉందో ‘చచ్చుటయె’ ఉందో కూడా రాయండి.