అప్‌డేట్: ఎక్స్‌పెడైటెడ్ ట్రక్కు కాంట్రాక్టులో చేతికి మిగిలేది ఎంత?

ఒహాయోలో సొంత ట్రక్కుతో అత్యవసర సరకు రవాణాలో చేరితే ప్రకటనలోని ఆదాయం నిజంగా వస్తుందా అని అడిగాను. జవాబిచ్చినవారికి కృతజ్ఞతలు. ‘ఖాళీ మైళ్లు కూడా కలిపి భాగించండి’ అన్న సలహాతోనే విషయం తేలింది. మైలుకు డాలరున్నర చొప్పున 400 మైళ్లకు 600 డాలర్లు. తర్వాతి లోడు కోసం 300 మైళ్లు ఖాళీగా వెళ్తే, మొత్తం 700 మైళ్లకు లెక్కేస్తే మైలుకు 86 సెంట్లే. డీజిల్, బీమా, టైర్లు అందులోంచే. ఎదురుచూసే రోజులకు పైసా రాదు. ప్రకటనకర్తలు చూపింది ఖర్చులు తీయని మొత్తం, ఆ మాట మాత్రం ఎక్కడా రాయలేదు!

పన్నుల నిపుణురాలు ఇంకొకటి చెప్పారు: 1099 కాంట్రాక్టరు (అంటే ఉద్యోగిగా కాక స్వతంత్రంగా పనిచేసేవారు; 1099 అనేది వారి ఆదాయాన్ని చూపే పన్ను ఫారం) ఆదాయపు పన్నుతోపాటు నికర ఆదాయంపై సుమారు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కట్టాలి. సీడీఎల్ (వాణిజ్య వాహనాల డ్రైవింగ్ లైసెన్సు) గురించిన నా బెంగ అనవసరం. 26,000 పౌండ్ల లోపు ట్రక్కుకు, ప్రమాదకర సరకు లేకపోతే, అది అక్కరలేదు. ట్రక్కు కొనలేదు, వేరొకరిది నడుపుతున్నాను.