అప్‌డేట్: విదేశీ గని కంపెనీపై దాని సొంత దేశంలో కేసు వేయొచ్చా?

గని వల్ల మారుమూల పల్లెల నీళ్ళు పాడైతే, స్థానిక అనుబంధ సంస్థతో పాటు మాతృసంస్థనూ దాని దేశపు కోర్టుకు లాగొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్ళందరికీ థాంక్స్. లాగొచ్చు, కానీ అంత తేలిక కాదు.

జాంబియా కేసు చూడమన్న సలహానే పనికొచ్చింది. ఎన్‌చాంగా రాగి గని వ్యర్థాలు తమ వాగుల్లో కలుస్తున్నాయని చింగోలా దగ్గరి గ్రామస్థులు 1,826 మంది ఆ గని నడిపే సంస్థకు మాతృసంస్థ, బ్రిటన్‌లో నమోదైన వేదాంతా మీద లండన్‌లో కేసు వేశారు. దాన్ని అక్కడే విచారించవచ్చని 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అనుబంధ సంస్థల పర్యావరణ ప్రమాణాలు తామే పర్యవేక్షిస్తామని కంపెనీ గొప్పగా రాసుకున్న నివేదికలే దానికి అడ్డం తిరిగాయి (నాకు భలే నచ్చిన ముక్క ఇదే). అసలైతే కేసు జాంబియాకే వెళ్ళేది. అంత పెద్ద కేసు నడిపే డబ్బు, అనుభవమున్న లాయర్లు ఆ పేదలకు అక్కడ దొరకరు కాబట్టే లండన్‌లో నిలిచింది. 2021లో తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ చేసుకుంది, కాబట్టి బాధ్యతపై తీర్పు రాలేదు.

అమెరికాలో వేయమన్న సలహా మాత్రం పక్కన పెట్టేయండి. విదేశాల్లో జరిగిన తప్పులపై విదేశీయులు అక్కడ కేసు వేయడానికి వాడే పాత చట్టం సాధారణంగా అమెరికా బయటి ఘటనలకు వర్తించదని అక్కడి సుప్రీంకోర్టు 2013లో కియోబెల్ కేసులో చెప్పింది, దాంతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది.