ఉషేగావ్ ఇత్తడి బొమ్మలు పర్యాటకుల కోసం మారాలా?

హనుమకొండవాసి:
ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజాలు అనే లోహకారులు పోతపోసే డోక్రా బొమ్మల (మైనపు అచ్చుతో చేసే ఇత్తడి బొమ్మల) గురించి నా ప్రశ్న. ఆ కొండల వైపు వెళ్లేవారు సంచిలో వేసుకుని తెచ్చుకునేలా తాళంచెవుల గుత్తులు, ఫోను స్టాండ్లు చేయమని ఓజాలను అడగాలని మా బృందంలో ఒకరు అన్నారు. ఏనుగులు, నెమళ్లు, గోండుల దేవతామూర్తులు వదిలితే ఆ కళ మిగలదని మరొకరి వాదన. మీరేమంటారు?

జనగామ దుకాణదారు:
మారాల్సిందే. మా పెంబర్తిలో చూడండి. ఒకప్పుడు గుళ్లకు, రథాలకు రేకు తొడుగులు చేసిన విశ్వకర్మలే ఇవాళ సభలకు జ్ఞాపికలు చేస్తున్నారు. పటచిత్రాల చేర్యాల సంగతీ అంతే. పటం విప్పి కులపురాణం చెప్పే కాకిపడగలవారి వంటి కథకులు తగ్గిపోయాక, ఆ పటాలు గీసే నకాశీలు గోడకు తగిలించే చిన్న చిత్రాలకు, మాస్కులకు వచ్చారు. కొనేవారు లేని కళను ఎంత పొగిడినా పొయ్యి వెలగదు.

ఉట్నూరు ఉపాధ్యాయిని:
దుకాణదారు గారూ, చేర్యాలలో ముందు పోయింది కథ చెప్పించుకునే ఊళ్లు. పటం పొట్టిదయింది ఆ తర్వాతే. ఇక్కడ పరిస్థితి వేరు. ఓజాలు మొదటినుంచీ పోతపోసింది గోండుల కోసం. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర, దీపావళి రోజుల్లో గోండుల నాట్యాల పండుగ దండారీ ఇప్పటికీ నిండుగా జరుగుతున్నాయి. అంటే ఆ మూర్తులు కావలసినవారు ఇంకా ఉన్నారు.

పని ఎలా సాగుతుందో చూడండి. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. మైనాన్ని సన్నని తీగలుగా లాగి దానిమీద పక్కపక్కనే చుడతారు. కళ్లు, నగలు, గీతలు అన్నీ ఆ తీగలతోనే తీర్చాలి. పైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగిపోయి, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టక తప్పదు. ఒక అచ్చుకు ఒకే బొమ్మ! తాళంచెవుల గుత్తికైనా ఈ మెట్లన్నీ ఎక్కాల్సిందే. దానికి తగిన ధర ఎవరిస్తారు? యంత్రం మీద వందలుగా పోసిన గుత్తి పక్క దుకాణంలోనే చవకగా దొరుకుతుంది. చిన్న వస్తువుతో ఓజాకు పని పెరుగుతుంది, కూలి పెరగదు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు ఎంతో సంతోషించాను. ఆ పేరును చవక సరుకు వరుసలో కూర్చోబెడితే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

జనగామ దుకాణదారు:
కూలి గురించి మీరన్నది కాదనను. కానీ పెద్ద మూర్తి అమ్ముడయ్యేదాకా ఇత్తడికి పెట్టిన డబ్బంతా అందులోనే ఇరుక్కుంటుంది. చిన్నవైతే త్వరగా చేతికి డబ్బు తెస్తాయి. ఇల్లు నడిపేవారికి అది చిన్న విషయం కాదు.

హనుమకొండవాసి:
అయితే ఇత్తడి ఖర్చు మేమే ముందుగా ఇచ్చి, ఏం చేయాలన్నది వారికే వదిలేస్తే?

ఉట్నూరు ఉపాధ్యాయిని:
తప్పకుండా చేయండి. నమూనా బొమ్మలు మాత్రం గీసుకెళ్లవద్దు. పూజ కోసం చేసిన మూర్తిని అమ్మమని ఎవరినీ ఒత్తిడి చేయవద్దు. గుత్తులు చేస్తామని ఓజాలే అంటే నాకు అభ్యంతరం లేదు, ధర వారే చెప్పాలి.

జనగామ దుకాణదారు:
ధర విషయంలో మీతోనే ఉన్నాను. చిన్న వస్తువులు చేయమని అడగడం మాత్రం మానను.