కార్డు గీకింది ఒకసారి, ఫీజు ఎనిమిదిసార్లు. విమాన టికెట్‌లో ఇది న్యాయమేనా?

సాగరతీరం:
దసరాకి హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి నలుగురికి రానూపోనూ టికెట్లు తీశాను. మనిషికి ఒక వైపు 3,899 అని చూపించింది. పేర్లు, వయసులు అన్నీ కొట్టి చివరి పేజీకి వస్తే 'కన్వీనియెన్స్ ఫీజు' 3,192! లెక్క వేస్తే తేలింది: 399 చొప్పున నలుగురికి, రెండు వైపులా. కార్డు గీకింది నేనొక్కణ్ణే, వచ్చిన ఓటీపీ ఒక్కటే. మరి ఎనిమిది సౌకర్యాలు ఎక్కడ జరిగాయి? బిల్లు విప్పి చూస్తే యూడీఎఫ్, ఏఎస్ఎఫ్, అవి చాలవన్నట్టు ప్రాంతీయ కనెక్టివిటీ పేరుతో మనిషికి ఇంకో 50. ఈ తోకలన్నీ తీసేసి మొదట్లోనే ఒకే ధర చెప్పాలని రూలు పెట్టాలంటాను. మీరేమంటారు?

టికెట్ కౌంటర్:
సార్, నేను ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాను. మీరు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఎకానమీకి జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది బిజినెస్ క్లాసుకి. ఏఎస్ఎఫ్ అంటే భద్రత ఫీజు, దేశంలో తిరిగేవాళ్లకి 2021 ఏప్రిల్ నుంచి 200. యూడీఎఫ్ అంటే విమానాశ్రయం వాడుకున్నందుకు ఫీజు, అది విమానాశ్రయానికి పోతుంది. పెద్ద విమానాశ్రయాల్లో అది ఎంతో తేల్చేది ఏఈఆర్ఏ అనే ప్రభుత్వ సంస్థ. వీటిలో కంపెనీ వసూలు చేసి కట్టేదే తప్ప మిగుల్చుకునేది లేదు. కన్వీనియెన్స్ ఫీజు వీటి పక్కనే పన్నులా కూర్చుంటుంది గానీ పన్ను కాదు. తిట్టాలంటే దాన్ని తిట్టండి.

లెక్కల మాస్టారు:
కంపెనీ సొంత ఖర్చుకి వేరే పేరు పెట్టి విడిగా వసూలు చేయడమే అసలు రోగం. 2023 అక్టోబర్‌లో ఇండిగో ఇంధన ఛార్జీ పెట్టింది, దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 దాకా. 2024 జనవరిలో తీసేసింది. ఇంధనం లేకుండా విమానం ఎగురుతుందా? హోటల్లో ఇడ్లీకి ఒక రేటు, పొయ్యికింద గ్యాసుకి ఒక రేటు వేస్తే ఊరుకుంటామా? (డీజిల్ సెస్ వేసిన మన ఆర్టీసీలూ తక్కువ తినలేదు.) ఆ ప్రాంతీయ కనెక్టివిటీ 50 కూడా అంతే. ఎక్కడో విమానం తిరగడానికి నేనెందుకు కట్టాలి?

కడప బిడ్డ:
ఆ 50 జోలికి రావద్దు మాస్టారూ. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే ఎగిరిన వాటిలో మా కడప–హైదరాబాద్ విమానం ఒకటి. గంట ప్రయాణానికి 2,500 దాటకుండా కొన్ని సీట్లు పెట్టారంటే ఆ నష్టం పూడ్చేది ఈ 50లతో కూడిన నిధే.

లెక్కల మాస్టారు:
పూడ్చాలంటే బడ్జెట్ ఉంది కదా బాబూ.

కడప బిడ్డ:
బడ్జెట్ అంటే విమానం మెట్టు ఎక్కని వాళ్ల డబ్బు కూడా. ఎక్కేవాళ్ల దగ్గర తీసుకోవడమే నయం.

డాలస్ నుంచి:
ఇక్కడ అమెరికాలో 2012 జనవరి నుంచి ప్రకటనలో చూపే ధరలోనే తప్పనిసరి పన్నులు, ఫీజులు కలిసి ఉండాలి. అది బాగుంది. కానీ బ్యాగుకి, సీటుకి విడిగా గుంజడం మాత్రం ఆగలేదు. రూలు వస్తే అన్నీ సర్దుకుంటాయని ఆశపడకండి.

టికెట్ కౌంటర్:
అందరికీ పనికొచ్చే ముక్క ఒకటి. టికెట్ 'నాన్ రిఫండబుల్' అయినా, రద్దు చేస్తే పన్నులు, యూడీఎఫ్ లాంటివి వెనక్కి ఇవ్వాలని విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన. మొన్న ఒక పెద్దాయన 'పైసా రాదన్నారు' అని టికెట్ కాగితం చింపబోయారు. ఆపి, దరఖాస్తు పెట్టించాం. వచ్చింది వెయ్యి లోపే, అయినా బ్యాంకు మెసేజ్ రెండుసార్లు చదివించుకున్నారు. అందుకే బిల్లులో ఏది ఎంతో విడివిడిగా ఉండటమే మంచిది. అన్నీ కలిపేసి ఒకే అంకె రాస్తే, వెనక్కి రావాల్సింది ఎంతో ఎలా తెలుస్తుంది?

సాగరతీరం:
ఈ పాయింటు నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. మొదట చూపే ధర ఒక్కటే ఉండాలి, లోపల బిల్లు మాత్రం విడివిడిగా ఉండాలి. సరిగ్గా ఇవాళే అత్తయ్య రానన్నారు. ఆవిడ టికెట్ రద్దు చేస్తే ఎంత వస్తుందో తెరిచి చూశాను. యూడీఎఫ్, ఏఎస్ఎఫ్ కనిపిస్తున్నాయి. ఆవిడ పేరు మీద కట్టిన ఫీజు 798 మాత్రం లేదు. విమానం ఎక్కని మనిషికి ఏం సౌకర్యం చేసినట్టు?

టికెట్ కౌంటర్:
దానికి నా దగ్గరా జవాబు లేదు సార్. మా కౌంటర్లో అయితే ఎంతమంది ఉన్నా ఒక బుకింగ్‌కి ఒకే ఛార్జీ.