వంటింటి ఆర్‌ఓ నీటిలో టీడీఎస్ తగ్గడం లేదు: చేపల తొట్టి కోసం సలహా కావాలి

నమస్కారం. మాది హైదరాబాద్‌లో బోరు నీటిపైనే ఆధారపడిన అపార్ట్‌మెంట్. కుళాయి నీటిలో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) 900 దాకా చూపుతుంది. బకెట్ ఆరితే అంచు చుట్టూ తెల్లటి పొర కడుతుంది. నేను పెంచే నియాన్ టెట్రా చేపలకు మెత్తని నీరు (లవణాలు తక్కువున్న నీరు) కావాలి కనుక, నా 60 లీటర్ల తొట్టిలో ప్రతి వారం పావు వంతు నీరు మార్చేటప్పుడు వంటింటి ఆర్‌ఓ నీటినే పోస్తున్నాను.

మొదట్లో 50 ఉన్న టీడీఎస్ మూడు నెలలుగా 190 వద్ద నిలిచిపోయింది. సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లతో పాటు మెంబ్రేన్ (లవణాలను వడకట్టే పొర) కూడా కొత్తది వేయించినా అంకె కదలలేదు, ఖర్చు మాత్రం కదిలింది. మూత తీసి చూస్తే, శుద్ధి చేసిన నీటిలో కొంత బోరు నీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ మర సగం తెరిచి ఉంది. పైగా రాత్రంతా ఆగిన యంత్రం నుంచి పొద్దున పట్టిన మొదటి గ్లాసులో 260, అరగంట నడిచాక 190 వస్తోంది.

ఆ మరను పూర్తిగా బిగిస్తే సరిపోతుందా, లేక మెంబ్రేన్ వద్ద రబ్బరు రింగు సరిగా కూర్చోక బోరు నీరు పక్కదారిన కలుస్తోందా? ఈ రెండింటిలో ఏది కారణమో ఎలా తేల్చుకోవాలి? మర మూసేస్తే పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార స్థాయిని) నిలకడగా ఉంచే కార్బొనేట్లు దాదాపు లేకుండా పోయి, అది ఒక్కసారిగా పడిపోతుందేమోనని నా భయం. ఇలాంటి నీటితో తొట్టి నడుపుతున్నవారు బోరు నీటిని ఏ పాళ్లలో కలుపుతున్నారో దయచేసి తెలుపగలరు.