నియామకానికి ముందు పూర్వాపరాల విచారణ: ఈ సీటులో పనిచేసినవారి అనుభవాలు కావాలి

స్వర్ణముఖి తీరం (తిరుపతి)
అందరికీ నమస్కారం. తిరుపతి పరిసరాల్లోని ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో పరిపాలనా విభాగంలో ఉన్నాను. కొత్తగా చేరేవారు తమ పూర్వాపరాలు రాసి ఇచ్చే ఎటెస్టేషన్ ఫారాలు, పోలీసు విచారణ నివేదికలు, భద్రతా అనుమతుల దస్త్రాలు చూసే సీటు ఇటీవల నాకు అప్పగించారు. నివేదికలో పాత కేసు బయటపడినప్పుడు నియామకాధికారికి నోట్ ఎలా పెట్టాలి? చేరిన తర్వాత మళ్లీ మళ్లీ విచారణ జరిపే పద్ధతి ఎక్కడైనా సవ్యంగా సాగుతోందా? ఈ పనికి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? ఒకరి జీవితం నా నోట్ మీద ఆధారపడి ఉంటుందన్న భయంతోనే అడుగుతున్నాను.

పలమనేరు విశ్రాంత
నా సర్వీసులో ఎక్కువ భాగం ఇలాంటి విచారణలు చేసే పోలీసు విభాగమైన స్పెషల్ బ్రాంచిలోనే గడిచింది కాబట్టి ఈ విషయంలో నాకున్న అనుభవం ఇక్కడ మరెవరికీ ఉండదని ధైర్యంగా చెప్పగలను. మొదట ఒక అపోహ తొలగించుకోండి. ఉద్యోగం ఇవ్వమనీ, వద్దనీ పోలీసులు చెప్పరు. అభ్యర్థి ఊరికి వెళ్లి, వీఆర్వోనూ ఇరుగుపొరుగునూ అడిగి, స్టేషన్ రికార్డు చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతారు. తూచవలసింది మీరు. క్రైం నంబరు, సెక్షన్లు మాత్రమే ఉన్న నివేదికను చూసి, తీర్పు నకలు కూడా తెప్పించుకోకుండా "అర్హుడు కాడు" అని రాసేసి, ఆ నింద పోలీసుల మీదకు నెట్టే కార్యాలయాలను ఎన్నో చూశాను.

జాప్యం గురించి కూడా మమ్మల్నే అంటారు. గడచిన ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ నివసించారో ఫారంలో రాయాలి. మన జిల్లా పిల్లల్లో సగం మంది బెంగళూరులోనో చెన్నైలోనో అద్దె గదుల్లో ఉండి చదివినవాళ్లే. ఆ చిరునామాలు పక్క రాష్ట్రాల పోలీసులకు వెళ్లి తిరిగి రావాలి, అప్పటికి ఆ గది యజమానికి వీడి పేరే గుర్తుండదు.

చంద్రగిరి కుర్రాడు
తూచవలసింది కార్యాలయమే అన్నారు కదా సార్, అక్కడ తూచేవాళ్లే లేకపోతే మాలాంటివాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? సంక్రాంతి పశువుల పండగలో మా ఊళ్లో రెండు వర్గాలకు మాటా మాటా పెరిగితే, మరుసటి ఏడాది పండగ ముందు మమ్మల్ని బైండోవర్ చేశారు, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకున్నారు. తహసీల్దారు కార్యాలయం వరండాలో గోడకు వరసగా నిలబెట్టి, ముందే టైపు చేసి ఉంచిన బాండు కాగితం మీద ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించి, జామీనుదారుల ఆధార్ నకళ్లు గుండుసూదితో గుచ్చి పంపించేశారు. అందులో ఏముందో చదివి వినిపించినవారు లేరు. ఎఫ్ఐఆర్ లేదు, ఛార్జిషీటు లేదు. ఇప్పుడు ఒక కేంద్ర ఉద్యోగానికి ఎంపికై, ఫారంలో ఆ విషయం నిజాయితీగా రాస్తే, నాతో ఎంపికైనవారందరూ చేరిపోయినా నా నియామక పత్రం మాత్రం ఆగిపోయింది. నిజం రాసినందుకా ఈ శిక్ష?

పాకాల న్యాయవాది
తమ్ముడూ, బైండోవర్ నేరం కాదు, శిక్షా కాదు. పాత నేర విచారణ స్మృతిలో 107వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 126వ సెక్షను. శాంతిభద్రతల కోసం ముందుజాగ్రత్తగా, ఏడాదికి మించని గడువుతో తీసుకునే పూచీకత్తు అది. మీరు అసలు దాన్ని రాయవలసిన అవసరమే లేదు.

పలమనేరు విశ్రాంత
వకీలు గారూ, ఇలాంటి సలహాలే పిల్లల కొంప ముంచుతున్నాయి. కేంద్ర ఎటెస్టేషన్ ఫారం ఎప్పుడైనా తెరిచి చూశారా? అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ జరిగిందా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా, కోర్టు జరిమానా వేసిందా అని దేనికది విడివిడిగా అడుగుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హత అవుతుందన్న హెచ్చరిక పై భాగంలోనే ఉంటుంది. ఆ కుర్రాడు రాసింది నూటికి నూరుపాళ్లూ సరైనది. "లేదు" అని రాసి ఉంటే ఇవాళ పత్రం ఆగడం కాదు, అభ్యర్థిత్వమే రద్దయ్యేది.

పాకాల న్యాయవాది
ఫారం తెరిచి చూశారా అని ఒక న్యాయవాదిని అడిగే ముందు కొంచెం మర్యాద పాటించండి. 2016 జూలై 21న, ఉద్యోగార్థులు పాత కేసులు దాచడం గురించిన అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది మీరూ చదవండి. ప్రశ్న అస్పష్టంగా ఉండకూడదు, స్పష్టంగా అడిగిన సమాచారాన్ని మాత్రమే చెప్పవలసి ఉంటుంది, అభ్యర్థికి తెలియని విషయాన్ని దాచాడనడం కుదరదు. ఫారంలో ఆ గడి లేనిచోట బైండోవర్ గురించి ఎందుకు రాయాలి?

పలమనేరు విశ్రాంత
ఉన్నచోట సంగతే మాట్లాడుతున్నాం. ఆ కుర్రాడు నింపింది కేంద్ర ఫారం, అందులో ఆ గడి ఉంది. మీరు చెప్పిన తీర్పే అడిగినది దాచకూడదని కూడా చెప్పింది.

కాణిపాకం ఉపాధ్యాయిని
మీరిద్దరూ కొంచెం ఆగండి. ఇంటర్ చదువుతున్న మా తమ్ముడి పేరును పొలం గట్టు తగాదాలో ఇంట్లో అందరితో పాటు ఫిర్యాదులో ఇరికించారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. వాడిప్పుడు పోలీసు కొలువుకు సిద్ధమవుతున్నాడు. మా పల్లెల్లో ఒకరి మీద కోపం వస్తే ఆ ఇంట్లో చదువుకునే పిల్లవాడి పేరు ముందు రాయిస్తారు, ఎందుకంటే దెబ్బ ఎక్కడ తగులుతుందో రాయించేవాళ్లకు బాగా తెలుసు. దస్త్రం చూసే అధికారులకు ఈ సంగతి తెలుసా అన్నదే నా ప్రశ్న.

పాకాల న్యాయవాది
అమ్మా, రాజీకి వీలున్న నేరంలో రాజీ కుదిరితే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదల కావడంతో సమానం. ఘటన నాటికి తమ్ముడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం దాని వల్ల అనర్హత అంటదు. అయితే పోలీసు ఉద్యోగాల్లో కొలమానం కఠినం. 2013లో మెహర్ సింగ్ కేసులో, రాజీతో విడుదలైన అభ్యర్థిని ఢిల్లీ పోలీసులు వద్దనడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి ప్రతి కాగితమూ భద్రపరచుకోండి.

సూళ్లూరుపేట నుంచి
చేరిన తర్వాత మళ్లీ విచారణ జరుగుతోందా అన్న, అడిగినవారి రెండో ప్రశ్నను ఒక్కరూ పట్టించుకోలేదు. భద్రత అంటే ఎఫ్ఐఆర్ల జాబితా అనుకుంటున్నారా? చేరిన రోజున మచ్చలేని మనిషి పదేళ్ల తర్వాత ఆన్‌లైన్ పందేల్లో అప్పులపాలు కావచ్చు, సామాజిక మాధ్యమంలో పరిచయమైన అపరిచితురాలికి గేటు లోపలి ఫొటో పంపవచ్చు. ఇరవై ఏళ్ల క్రితం పండగలో తోసుకున్నవాడి కంటే వీడివల్లే దేశానికి ఎక్కువ ముప్పు. మన దగ్గర ఉన్న శ్రద్ధంతా చేరే ముందే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత ఏటా దాఖలు చేసే ఆస్తుల వివరాలు కూడా బీరువాలోకి వెళ్లడం తప్ప ఎవరూ విప్పి చదవరు.

అలాగని అనుమానమే ఆధారంగా నడిచినా అనర్థమే. 1994లో అంతరిక్ష శాస్త్రవేత్త నంబి నారాయణన్ మీద గూఢచర్యం కేసు పెట్టి అరెస్టు చేశారు. అది అనవసరమైన అరెస్టని సుప్రీంకోర్టు తేల్చి, 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమన్నది 2018లో. అంతరిక్ష కేంద్రం పక్కన బతికే మాకు ఆ కథ బాగా తెలుసు.

శ్రీకాళహస్తి పూర్వ విద్యార్థి నాయకుడు
అనుమానం అన్నారు కాబట్టి చెబుతున్నాను. విద్యార్థి సంఘంలో తిరిగాడన్న ఒక్క మాట నివేదికలో ఉంటే చాలు, ఇప్పటికీ దస్త్రాలు నత్తనడక నడుస్తున్నాయి. 1958లో బాలకోటయ్య కేసులో, జాతీయ భద్రత పేరిట 1949లో చేసిన నిబంధనల కింద రైల్వే కార్మికులను తొలగించడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పాతికేళ్ల తర్వాత, 1983లో, రామశంకర్ రఘువంశీ కేసులో ఒక ఉపాధ్యాయుడి గత రాజకీయ కార్యకలాపాలను సాకుగా చూపి ఉద్యోగం తీసేయడాన్ని అదే కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు రాసింది మన రాయలసీమవారే అయిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ప్రతి పరిపాలనా విభాగం గోడ మీదా అతికించవలసిన తీర్పు అది.

పలమనేరు విశ్రాంత
విద్యార్థి రాజకీయాల పేరిట బస్సులు తగలబెట్టినవారి సంగతి కూడా రాయండి.

శ్రీకాళహస్తి పూర్వ విద్యార్థి నాయకుడు
బస్సు తగలబెడితే దానికి కేసు ఉంటుంది, కోర్టు ఉంటుంది. నేను మాట్లాడుతున్నది ఏ కేసూ లేనివారి గురించి. నినాదం చేసిన నోటినీ నిప్పు పెట్టిన చేతినీ ఒకే గాటన కట్టే మీ ధోరణి వల్లే ఇన్ని కుటుంబాలు ఏడుస్తున్నాయి. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను దాచినా, నియామకాధికారి విచక్షణతో మన్నించవచ్చని అవతార్ సింగ్ తీర్పులోనే ఉంది.

స్వర్ణముఖి తీరం (తిరుపతి)
దయచేసి వాదం పెంచుకోకండి. నాకు ఉపయోగపడిన మాటలు చాలా ఉన్నాయి. పాత కేసు ఉన్న ప్రతి దస్త్రంలోనూ తీర్పు నకలు, ఘటన నాటి వయసు, ఉద్యోగ స్వభావం అనే మూడింటినీ విడివిడి పేరాలుగా రాసి, అభ్యర్థి వివరణ తెప్పించుకున్నాకే నోట్ పైకి పంపాలని నిర్ణయించుకున్నాను. శిక్షణ గురించి ఎవరైనా చెప్పగలరా?

చంద్రగిరి కుర్రాడు
శిక్షణ సంగతి తర్వాత మేడం, నా పత్రం సంగతి ఎవరైనా చెప్పండి. మా నాన్న రోజూ పోస్టుమాన్ కోసం చూస్తున్నాడు.

పాకాల న్యాయవాది
తమ్ముడూ, 2016 నుంచి కేంద్ర శాఖలు అభ్యర్థి స్వీయ ప్రకటన తీసుకుని, విచారణ ఫలితానికి లోబడి తాత్కాలిక నియామక పత్రం ఇచ్చే వెసులుబాటు ఉంది. దాన్ని ప్రస్తావిస్తూ లిఖితపూర్వకంగా అడగండి. 2024 డిసెంబరులో బాసుదేవ్ దత్తా కేసులో, నియామకమైన ఆరు నెలల్లోగా పోలీసులు విచారణ ముగించాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ ఉద్యోగి 1985లో చేరితే విచారణ నివేదిక పంపింది 2010లో, పదవీ విరమణకు కొద్ది వారాల ముందు తొలగించారు. మీ పరిస్థితి అంత దూరం పోనివ్వకండి.

పలమనేరు విశ్రాంత
ఈ ఒక్క విషయంలో వకీలు గారితో ఏకీభవిస్తాను. నాయనా, ముందు తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి నీ బైండోవర్ ఎం.సి. (మిసిలేనియస్ కేసు) నంబరు తీసుకో. బాండు గడువు ఏ తేదీన ముగిసిందో, ఆ గడువులో ఉల్లంఘన ఏదీ లేదని ధ్రువీకరణతో సహా నకలుకు దరఖాస్తు పెట్టు. దానిని వివరణ లేఖకు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దగ్గర పెట్టుకో. గుమస్తా రేపు రమ్మంటే, దరఖాస్తు మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకు.