చటాన్‌పల్లిలో దిశకు న్యాయం జరిగిందా, కేసు మూతపడిందా?

సికింద్రాబాద్ చదువరి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక హత్య వార్త పెట్టారు. పది నిమిషాలు తిరక్కుండానే కింద వరసగా ఒకటే మాట: "కోర్టులెందుకు, చటాన్‌పల్లి తీసుకెళ్ళండి." షాద్‌నగర్ దగ్గర హైవే పక్కనున్న ఆ ఊరి పేరు మన హైదరాబాద్‌లో ఒక శిక్ష పేరైపోయింది. అక్కడ నోరు విప్పలేకపోయాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

అప్పటికి చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ తొండుపల్లి టోల్‌గేటు దగ్గర నలుగురు లారీ పనివాళ్ళు ఒక పశువైద్యురాలి స్కూటీ టైరు గాలి తీశారని, సాయం చేస్తామని నమ్మించి అత్యాచారం చేసి చంపారని, శవాన్ని చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారని పోలీసులు చెప్పారు. ఆమెనే మనం దిశ అంటున్నాం. నలుగురినీ 29న అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారకముందే వాళ్ళను అదే వంతెన దగ్గరికి తీసుకెళ్ళారు. తుపాకులు లాక్కుని కాల్చారని, ఎదురుకాల్పుల్లో నలుగురూ పోయారని ప్రకటించారు. ఆ పొద్దున జనం అక్కడ పోలీసుల మీద పూలు చల్లారు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని అందులో రాశారు. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చారు. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

నన్ను ఎక్కువగా తొలిచేది మొదటి రాత్రి. అమ్మాయి ఫోను కలవడం లేదని కుటుంబం స్టేషనుకు పరిగెడితే, ఇది మా పరిధి కాదు, ఆ స్టేషనుకు వెళ్ళండి అని తిప్పారు. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు కాబట్టి ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. కోర్టులో కేసు నడిచి ఉంటే ఆ రాత్రి లెక్క గంట గంటకీ బయటపడేది. ఎవరు ఫిర్యాదు తీసుకోలేదు, ఎన్నింటికి కదిలారు, ముందే కదిలితే ఏమయ్యేది అని డిఫెన్సు లాయరైనా అడిగేవాడు. డిసెంబరు 6తో ఆ ప్రశ్నలన్నీ అడుగున పడిపోయాయి. తమ వైఫల్యానికి జవాబు చెప్పాల్సిన శాఖకే మనం దండలు వేశాం. నా దృష్టిలో దిశకు జరిగిన రెండో అన్యాయం ఇదే.

రాత్రి షిఫ్టు

నేను గచ్చిబౌలిలో పనిచేస్తాను. 2019లో కూడా అక్కడే ఉన్నాను. ఆ వారం రోజులూ క్యాబ్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మా అమ్మ ఫోన్లో లైను మీదే ఉండేది. డిసెంబరు 6 పొద్దున వార్త చూసి నేను ఏడ్చాను. అది సంతోషమో ఏమో నాకిప్పటికీ తెలియదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆ నిద్ర తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను.

మీరు "కోర్టులో నడిచి ఉంటే" అంటున్నారు. ఎన్నాళ్ళు నడిచేది? ఢిల్లీ నిర్భయ కేసులో ట్రయల్ కోర్టు తొమ్మిది నెలల్లో ఉరి వేసింది, 2013లో. ఉరి అమలైంది 2020 మార్చి 20న. దేశమంతా రోడ్డెక్కిన కేసుకే ఏడేళ్ళు దాటింది. మిర్యాలగూడ పరువు హత్య 2018 సెప్టెంబరులో జరిగింది. గర్భిణి భార్య కళ్ళ ముందు నరికిన దృశ్యం సీసీ కెమెరాలో ఉంది. తీర్పు 2025 మార్చిలో వచ్చింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2019లో విచారణ ముగిసిన అత్యాచార కేసుల్లో శిక్ష పడినవి వందకు 28 కూడా లేవు. మిగతా డెబ్భై మందికి పైగా ఆడవాళ్ళు ఏ కోర్టు మెట్ల మీద కూర్చుని వ్యవస్థను నమ్మాలో చెప్పండి.

మొదటి రాత్రి గురించి మీరన్నది నిజం. దానికి నాకూ కడుపు మండుతుంది.

ఎల్బీనగర్ 74

వరంగల్‌లో 2008 డిసెంబరులో ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన ముగ్గురిని మూడు రోజుల్లోనే లేపేశారు. భయం ఉండాలంటే అదే మందు. కమిషన్లు ఏసీ గదుల్లో కూర్చుని రాస్తాయి.

సికింద్రాబాద్ చదువరి

74 గారూ, 2008లో వరంగల్ ఎస్పీ వి.సి. సజ్జనార్. 2019లో సైబరాబాద్ కమిషనర్ కూడా ఆయనే. అంటే అదే మందు, అదే చెయ్యి. పదకొండేళ్ళ ముందు వేసిన మందు పనిచేసి ఉంటే తొండుపల్లి జరిగేదా?

రిటైర్డ్ హెడ్డు, కోర్టు డ్యూటీ

నేను పోలీసు శాఖల 31 ఏండ్లు నౌకరీ చేసిన. అండ్ల పదకొండేండ్లు కోర్టు డ్యూటీనే. సమన్లు ఇచ్చుడు, సాక్షులను తోలుకొచ్చుడు, వాయిదాకు ముద్దాయిని హాజరుపరిచుడు నా పని. మా డిపార్టుమెంటుకు దండలేసినా, తిట్టినా ఇద్దరూ కోర్టు లోపల ఏమైతదో చూడలే. అది చెప్తా.

హత్య కేసు ఎట్ల కొట్టేస్తరో తెలుసా? శానా మంది జడ్జి మెత్తగుంటడనుకుంటరు. కాదు. పంచనామా కాడనే సగం కేసు పోతది. నేరం జరిగిన జాగకు పోయినంక పంచులు, అంటే అక్కడ చూసింది రాసిన కాయితం మీద సాక్షి సంతకం పెట్టేటోళ్ళు, కావాలె. అర్ధరాత్రి ఎవడొస్తడు? ఇంతకుముందు పది కేసులల్ల సంతకం పెట్టిన మనిషినే మల్ల పిలుస్తరు. కోర్టుల డిఫెన్సు వకీలు ఒక్క ప్రశ్న అడుగుతడు: "ఇది నీకు ఎన్నో పంచనామా?" గంతే, ఆ పంచనామా విలువ పాయె.

ఇగ సాక్షి. ఘటన అయిన తెల్లారి ఉడుకు మీద అంతా చెప్తడు. ట్రయల్ మొదలయ్యేసరికి నాలుగేండ్లు. ఇల్లు మారతడు, ఫోను నంబరు మారతది. నేను సమన్లు ఇయ్యనీకి పోతే పెండ్లాం తలుపు తీసి "మమ్ముల ఇడిసిపెట్టు సారూ" అని దండం పెడ్తది. ఒకసారి ఒక కూలి మనిషిని ఆరు వాయిదాలకు తీసుకపోయిన. ఆరుసార్లూ కేసు కాల్ కాలే. ఒక్కో దినం కూలి పాయె. ఏడోసారి బోనెక్కి "నేనేం చూడలేదు" అన్నడు. హోస్టైల్, అంటే మాట తిప్పిన సాక్షి, అని రాసిన్రు. ఆయనను ముద్దాయి కొనలేదు, మేమే అలిసిపోయేటట్టు చేసినం. నాకు ఇప్పటికీ ఆయన మొఖం యాదికొస్తది.

పోలీసు ముంగట ఒప్పుకున్న మాట కోర్టుల చెల్లదు. టీవీల "నేరం ఒప్పుకున్నరు" అంటే జనం కేసు అయిపోయిందనుకుంటరు. అక్కడ మొదలు కూడా కాలే. రక్తం, డీఎన్ఏ, ఫోను లెక్క రావాలె. ల్యాబు రిపోర్టు రాకపోతే పీపీ సారు, అంటే సర్కారు వకీలు, వాయిదా అడుగుడు తప్ప ఏం జెయ్యలేడు. ఆ పీపీ సారుకు ఒక్క పొద్దుగాల ఎన్ని ఫైళ్ళు ఉంటయో నేను మోసిన చేతులకు ఎరుకే. బోనెక్కే ఐదు నిమిషాల ముందు వరండాల సాక్షి పేరు అడిగి తెలుసుకునేది. ఎవుని కేసు గెలుస్తది గట్ల?

నారాయణపేట కోడలు

ఆ నలుగురూ మా జిల్లా పిల్లలే. వాళ్ళను వెనకేసుకు రావడానికి రాయడం లేదు. చేసినవాళ్ళకు ఉరి పడాలనే ఆ రోజూ అన్నాను, ఈ రోజూ అంటాను. ఒక్క మాట అడుగుతాను. 2022లో జూబ్లీహిల్స్‌లో ఒక మైనరు బాలికపై కారులో సామూహిక అత్యాచారం కేసు వచ్చింది. నిందితుల్లో పలుకుబడి ఉన్న ఇళ్ళ పిల్లలున్నారు. వాళ్ళను జువెనైల్ బోర్డు ముందు పెట్టారు, వయసు లెక్కలు చూశారు, లాయర్లు వాదించారు, బెయిళ్ళు వచ్చాయి. చట్టం ప్రకారం అలాగే జరగాలి. వాళ్ళను ఏ వంతెన కిందికీ తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళకూడదు కూడా. మరి లారీ క్లీనరు వయసు బడి రిజిస్టరులో చూడడానికి వారం రోజులు కూడా ఎందుకు ఆగలేదు? పూలు చల్లిన చేతులు ఈ తేడా చూశాయా?

రాత్రి షిఫ్టు

మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదక్కా. నిజంగా లేదు. జూబ్లీహిల్స్ కేసప్పుడు మా ఆఫీసులో ఎవరూ ఎన్‌కౌంటర్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కానీ చదువరి గారూ, మీరు కోర్టును చూపించి ఆగిపోతున్నారు. హెడ్డు గారు చెప్పిన కోర్టుకేనా మమ్మల్ని వెళ్ళమంటున్నారు?

సికింద్రాబాద్ చదువరి

ఆ కోర్టుకే. కానీ అది పనిచేసిన రోజులు కూడా ఉన్నాయి. అవి మనం మర్చిపోయాం.

దిశ ఘటనకు మూడు రోజుల ముందు, 2019 నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే ఒక దళిత మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. తర్వాత ఆమెను సమత అన్నారు. ఆమె కోసం హైదరాబాద్‌లో కొవ్వొత్తులు పెద్దగా వెలగలేదు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు, సాక్షులను వరసగా విన్నారు. సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకే, జనవరి 30న, ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. ఎవరు ఏం చేశారో తీర్పులో రాసి ఉంది. 2019లోనే హన్మకొండలో తొమ్మిది నెలల పాపపై అత్యాచారం, హత్య కేసులో రెండు నెలలు తిరక్కముందే తీర్పు వచ్చింది.

ఇక రెండో వైపు చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని దారుణంగా చంపారు. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008లో ఒక దళిత యువకుణ్ణి పట్టుకుని ఇతనే హంతకుడన్నారు. 2010లో శిక్ష పడింది. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే "ఇతను కాదు, అసలువాళ్ళు వేరే ఉన్నారు" అని ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. దాదాపు ఎనిమిదిన్నరేళ్ళు జైల్లో ఉన్నాడు. 2008లో అతన్ని తెల్లవారుజామున ఏ తోటలోకో తీసుకెళ్ళి ఉంటే మనం పూలు చల్లేవాళ్ళం. ఆ తల్లి మాట వినడానికి ఏ కోర్టూ మిగిలేది కాదు.

రాత్రి షిఫ్టు

విజయవాడ కేసు నాకు తెలుసు. చటాన్‌పల్లితో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. అది బరువుగా ఉంది, ఒప్పుకుంటాను.

అయినా ఒకటి. హన్మకొండ పాప కేసులో ఉరిని హైకోర్టు నవంబరులో యావజ్జీవం చేసింది. చనిపోయేదాకా జైలే అన్నారు, సరే. దిశ చనిపోయిన నెలలోనే ఆ వార్త చదివాం మేము. సమత కేసు కూడా దిశ వల్ల రాష్ట్రమంతా కళ్ళు తెరిచి ఉంది కాబట్టే పరిగెత్తింది. అప్పుడే ఆంధ్రప్రదేశ్ 21 రోజుల్లో శిక్ష అని దిశ చట్టం చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. ఏ కేసుకు ప్రత్యేక కోర్టు పెడతారో జనం కోపాన్ని బట్టి తేలుతుంటే, కోపం తగ్గించుకోమని మీరు మాకు ఎలా చెబుతారు?

సికింద్రాబాద్ చదువరి

తగ్గించుకోమనడం లేదండి. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలన్నదే నా గొడవ. షాద్‌నగర్ స్టేషను ముందు వేలమంది చేరి నిందితులను అప్పగించమన్నారు. అదే వేలమంది, జిల్లా కోర్టులో ఎన్ని జడ్జి పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ల్యాబులో ఎన్ని నమూనాలు పేరుకున్నాయి అని అడిగి ఉంటే? పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు కావాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ అందులో సగం కూడా లేరు. ఒక ఎన్‌కౌంటర్ అవగానే ప్రభుత్వానికి ఈ లెక్క చెప్పే అవసరం తప్పిపోతుంది. చవకలో పని అయిపోతుంది. నా కోపమంతా ఆ చవకతనం మీదే.

ఎల్బీనగర్ 74

నేను మొదట రాసిన మాట తీసెయ్యను. కానీ విజయవాడ కుర్రాడి సంగతి ఇప్పుడే మా ఆవిడకు చెప్పాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

రాత్రి షిఫ్టు

హెడ్డు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఇవాళ రాత్రి నా చెల్లెలి ఫోను ఆగిపోయి, నేను దగ్గర్లో ఉన్న స్టేషనుకు పరిగెత్తితే, మా పరిధి కాదు అంటే ఏం చెయ్యాలి?

రిటైర్డ్ హెడ్డు, కోర్టు డ్యూటీ

కదలకు బిడ్డా. అక్కడనే కూసో. వందకు ఫోను కొట్టు, 112 కొట్టు. నేరం ఏడ జరిగినా ఏ స్టేషనుల అయినా ఫిర్యాదు తీసుకోవాలె, జీరో ఎఫ్ఐఆర్ అంటరు. 2024 జులై నుంచి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితల 173వ సెక్షన్ల అది రాసే ఉన్నది. కాయితం మీద రాసిచ్చి నకలు అడుగు. టైము రాయించు. అత్యాచారం ఫిర్యాదు తీసుకోకపోతే ఆ అధికారికే ఆరు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు. నిర్భయ తర్వాత 2013ల తెచ్చిన్రు, గిప్పుడు న్యాయ సంహితల 199వ సెక్షను. ఆ నంబరు ఫోన్ల రాసుకో. స్టేషనుల ఆ నంబరు చెప్తే రైటరు కుర్చీల సక్కగ కూసుంటడు.

రాత్రి షిఫ్టు

రాసుకున్నాను సార్. మీ సర్వీసులో ఆ సెక్షను కింద ఏ పోలీసుకైనా శిక్ష పడడం చూశారా?

రిటైర్డ్ హెడ్డు, కోర్టు డ్యూటీ

లేదు బిడ్డా. ఒక్కటి కూడా చూడలే.